తెల్లగుర్రం మీద బొలీవర్: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

"సిమోన్ బొలీవర్ తెల్లగుర్రం మీద ఆండీస్ దాటి, ఒంటిచేత్తో దక్షిణ అమెరికా మొత్తాన్నీ స్పెయిన్ నుంచి విడిపించాడు." వాట్సాప్‌లో తిరిగే ఈ ముక్కలో ఆయన ఆండీస్ పర్వతాలు దాటాడన్నది ఒక్కటే నిలబడుతుంది.

ముందు గుర్రం సంగతి. 1819 జులైలో బొలీవర్ సైన్యం ఎక్కింది నేటి కొలంబియాలోని పిస్బా అనే చలి పీఠభూమి, దాదాపు 3,900 మీటర్ల ఎత్తు. ఆయన వెంట వచ్చినవాళ్లలో చాలామంది ల్యానోస్ గడ్డిమైదానాల్లో పశువులు కాసుకునేవాళ్లు. వేడికి అలవాటుపడ్డ ఒళ్లు, పల్చటి బట్టలు, కొందరికైతే కాళ్లకు చెప్పులు కూడా లేవు. చలికి మనుషులు చచ్చిపోయారు, గుర్రాలు చాలావరకు దారిలోనే కూలాయి. అవతల దిగాక సొచా అనే ఊరివాళ్లు తమ బట్టలు విప్పి ఇచ్చారు. ఆగస్టు 7న బొయాకా యుద్ధం గెలిచింది ఈ సైన్యమే.

పైగా ఆండీస్ దాటిన విమోచన సైన్యం ఇదొక్కటే కాదు. రెండేళ్ల ముందే, 1817 జనవరిలో, హొసే దె శాన్ మార్టిన్ అనే సేనాని అర్జెంటీనాలోని మెండోజా నుంచి 5,000 మందికి పైగా మనుషులతో చిలీ వైపు బయల్దేరాడు. ఆయన ఎక్కింది కంచరగాడిద! సైన్యం వెంట 9,000కు పైగా కంచరగాడిదలు వెళితే సగం కూడా మిగల్లేదు. ఎత్తుకు ఊపిరాడక అల్లాడేవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి ఇచ్చేవారు.

నాకు మాత్రం అంతకుముందు ఆయన వేసిన ఎత్తే ఎక్కువ నచ్చుతుంది. పెవెంచే తెగ పెద్దలను పిలిచి, దక్షిణపు కనుమల మీదుగా దాటబోతున్నానని "రహస్యం" చెప్పాడు. అది చిలీలోని స్పెయిన్ గవర్నర్ చెవిన పడుతుందని ఆయనకు తెలుసు. గవర్నర్ బలగాన్ని చెల్లాచెదురుగా మోహరించాడు. అసలు సైన్యం ఉత్తరాన లాస్ పాటోస్, ఉస్పల్యాటా కనుమల్లోంచి దిగి, ఫిబ్రవరి 12న చకబూకోలో గెలిచింది. పుకారును ఆయుధంగా వాడినవాడి పేరే ఈ పుకారులో లేకుండా పోయింది.

ఇక "ఒంటిచేత్తో". నేటి ఈక్వడార్ రాజధాని క్విటోను విడిపించిన పిచించా యుద్ధం 1822 మే 24న అగ్నిపర్వతం వాలు మీద జరిగింది. పెరూలో స్పెయిన్ సైన్యం నడుం విరిచిన ఆయకూచో యుద్ధం 1824 డిసెంబర్ 9న. రెండింటికీ సేనాని బొలీవర్ కింద పనిచేసిన ఆంటోనియో హొసే దె సూక్రే. బొలీవర్ ఆ రెండు చోట్లా లేడు.

"మొత్తాన్నీ" అన్నమాట మ్యాపు చూడకుండా రాసింది. బ్రెజిల్ పోర్చుగల్ వలస. 1822లో దాని స్వాతంత్ర్యం ప్రకటించింది పోర్చుగల్ రాజు కొడుకే. గయానాల్లో బ్రిటన్, డచ్చి, ఫ్రెంచి పాలన. అర్జెంటీనా 1816లోనే స్వతంత్రం ప్రకటించుకుంది. బొలీవర్ పేరున రాయదగినవి నేటి వెనిజులా, కొలంబియా, ఈక్వడార్, బొలీవియా, పెరూ. అందులోనూ పెరూ స్వాతంత్ర్యాన్ని 1821 జులై 28న లిమాలో ప్రకటించింది శాన్ మార్టినే. యుద్ధాన్ని ముగించింది మాత్రం బొలీవర్, సూక్రేలు.