బండి తాళం ఇచ్చిందెవరు?

మూడేళ్ళ కిందట గుంటూరులో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగిన సంగతి ఇది. సాయంత్రం ఏడు దాటింది. ఇంటర్ సెకండియర్ చదివే కుర్రాడు, పదహారేళ్ళుంటాయేమో, వాళ్ళ నాన్న బండి తీసుకుని బయటి నుంచి ర్యాంపు మీదుగా ఒక్క ఊపున కిందికి దిగాడు. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ బట్టల మూట భుజాన వేసుకుని మెట్ల వైపు నడుస్తున్న మనిషిని గుద్దేశాడు. మూట విడిపోయి, మడతపెట్టిన చొక్కాలన్నీ నేల మీది ఆయిల్ మరకల్లో పడ్డాయి. ఆయనకి కుడి ముంజేయి విరిగింది. లేచి కూర్చోగానే ఆ మనిషి చేసిన మొదటి పని, ఎడం చేత్తో చొక్కాలు ఏరుకోవడం. అది నేను నా కళ్ళతో చూశాను, ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

కుర్రాడి తండ్రి పరుగున కిందికొచ్చాడు. రాగానే కొడుకుతో అన్న మాట ఒక్కటే. "నువ్వు పైకెళ్ళు, నేను చూసుకుంటా." కుర్రాడు లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాత మేం నలుగురం కూర్చుని మాట్లాడాం. మెట్ల మీద జారిపడ్డానని ఆస్పత్రిలో చెప్పమని ఆయనకే నేర్పి పంపారు, పోలీసు కేసు కాకూడదని. వైద్యం ఖర్చు కాక పదిహేను వేలకు తెగ్గొట్టారు. అసోసియేషన్ పనులు చూసే వాణ్ణి కాబట్టి ఆ తెగ్గొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. "పోనీలెండి, చిన్నపిల్లాడు, కేసంటే భవిష్యత్తు పాడైపోతుంది" అని నేనే అన్నాను. అందరూ తలూపారు. కుర్రాడు మాత్రం కిందికి రాలేదు, ఆ రోజు కాదు, ఆ తర్వాతా రాలేదు. వారం తిరక్కుండా అదే బండి మీద ట్యూషన్‌కి వెళ్తూ కనిపించాడు.

ఈ కాలం పిల్లలకి భయం లేదు, భక్తి లేదు అని పెళ్ళిళ్ళలో, ఫంక్షన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా వింటున్నాం. నేనూ అంటాను. అంటూనే చాలామంది దానికి వైద్యం కూడా చెప్పేస్తారు: మన రోజుల్లోలాగా నాలుగు తగిలిస్తే దారికొస్తారు, దండం దశగుణం అని. ఇక్కడే నాకు పేచీ ఉంది.

మన రోజుల సంగతి నాకు బాగానే తెలుసు. మా తాతలకి వీధిబడిలో కోదండం వేశారు (అంటే తాడుకి వేలాడదీయడం), మాకు హైస్కూల్లో బెత్తం, గోడకుర్చీ, తొడపాశం. ఇంట్లో మా నాన్న బెల్టు. ఆయన చెప్పుల చప్పుడు వీధి గుమ్మంలో వినపడితే చాలు, పుస్తకం తలకిందులుగా ఉన్నా సరే చేతిలోకి వచ్చేసేది. ఆ దెబ్బలు నాకు బాగా నేర్పిన విద్య ఒకటుంది, దొరక్కుండా అబద్ధం చెప్పడం. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం నేనే పెట్టుకునే స్థాయికి వెళ్ళాను. ఇంకో విషయం, మేం దేనికి తన్నులు తిన్నామో ఒకసారి గుర్తు చేసుకుంటే మార్కులు తగ్గినందుకు, వస్తువు పగలగొట్టినందుకు, నలుగురిలో పరువు తీసినందుకు. మా ఇంటికి కూలికి వచ్చే ముసలాయన్ని నేను "ఒరే" అని పిలిచేవాణ్ణి, ఆయనకి మా నాన్న కంటే వయసెక్కువ. దానికి మాత్రం నన్ను ఎవరూ ఒక్క దెబ్బ వేయలేదు. తప్పని కూడా ఎవరూ చెప్పలేదు.

అందుకే దెబ్బలు తగ్గిపోవడం వల్లే పిల్లలు చెడిపోయారన్న మాట నాకు మింగుడుపడదు. అప్పుడూ ఇప్పుడూ మన ఇళ్ళలో క్రమశిక్షణ అంటే చదువు, పరువు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలిందా, ఆయన నొచ్చుకున్నాడా అన్నది ఆ లెక్కలో ఎప్పుడూ లేదు. అప్పట్లో పిల్లాడి చేతిలో సైకిలుండేది, ఇప్పుడు 150 సీసీ బండి ఉంది, ఫోన్ ఉంది, కాబట్టి ఆ లోటు ఇప్పుడు రోడ్డు మీదకొచ్చి కనపడుతోంది.

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మాస్టర్ పిల్లలందరి ముందూ సాష్టాంగపడి, తానే గుంజీలు తీసిన వీడియో మీరూ చూసే ఉంటారు. కొట్టలేం, తిట్టలేం, చేతులు కట్టుకుని చూస్తున్నాం అన్నది ఆయన బాధ. చాలామంది ఆ వీడియో కింద చట్టాన్ని తిట్టారు. 2009 నాటి విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అది అలాగే ఉండాలి, బెత్తం దెబ్బకి కన్నో చెవో పోగొట్టుకున్న పిల్లల వార్తలు మనం మర్చిపోకూడదు. ఆ వీడియో చూసినప్పుడు నాకు వచ్చిన ప్రశ్న వేరు. ఆ గుంజీలు తీయాల్సింది ఆయనేనా? ఆ పిల్లలు పొద్దున్న ఏ ఇంటి నుంచి వచ్చారో, సాయంత్రం ఏ ఇంటికి వెళ్తారో ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు?

పట్నాల్లో మనం ఏం చేస్తున్నామంటే, పెంపకాన్ని కాంట్రాక్టుకి ఇచ్చేశాం. పదో తరగతి కాగానే పిల్లాణ్ణి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తాం. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెట్టి రాత్రి పదింటి దాకా క్లాసులు, ఫోను చేయడానికి వారానికి ఓ రోజు, ఔటింగ్‌కి నెలకో రోజు. రెండేళ్ళపాటు ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో కూడా వాడు నిర్ణయించుకోడు. ఇంటి నుంచి వెళ్ళే ఫోన్ కాల్‌లో అడిగేది ఈ వారం టెస్టులో ఎన్ని వచ్చాయని. దానితో పాటు ఒక బేరం, ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకో, బండి కొనిస్తా. (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, ఇళ్ళలో మాత్రం ఇంకా ఎంసెటే.) ర్యాంకు వస్తుంది, బండి వస్తుంది, ఖరీదైన ఫోన్ వస్తుంది, వేరే ఊళ్ళో రూము వస్తుంది, అన్నీ ఒక్క నెలలో. రెండేళ్ళు కాపలా తప్ప ఇంకేమీ ఎరగని పిల్లాడికి ఒక్కసారిగా కాపలా ఎత్తేస్తే వాడు వంద మీద వెళ్ళక ఇరవై మీద వెళ్తాడా?

చట్టం తల్లిదండ్రుల్ని ఊరికే వదిలేసిందనుకుంటే పొరపాటు. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ తెచ్చి 199ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, తండ్రో తల్లో లేదా బండి యజమానో ఆ నేరం చేసినట్టే లెక్క. మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చే దాకా లైసెన్సు లేదు. "నాకు తెలీకుండా తీసుకెళ్ళాడండీ" అంటే సరిపోదు. తెలిసే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, తెలీదనో, జాగ్రత్తగానే ఉన్నాననో రుజువు చేసుకోవాల్సింది పెద్దవాళ్ళే. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళే. ఈ లెక్కల మధ్య పదహారేళ్ళ పిల్లాడి చేతికి తాళం ఇస్తున్నాం. ట్రాఫిక్ పోలీసులు ఆపితే అరనిమిషంలో ఇంటికి ఫోనొస్తుంది, ఇంటి నుంచి తెలిసిన ఎస్సైకి ఇంకో ఫోన్ వెళ్తుంది, "మనవాడే, వదిలేయండి" అయిపోతుంది. ఆ ఫోన్ మాట్లాడుతున్నంత సేపూ పిల్లాడు పక్కనే నిలబడి వింటుంటాడు. ఇంట్లో నాన్న చెప్పిన వంద నీతుల కంటే ఆ ఫోన్ కాల్ వాడికి బాగా గుర్తుంటుంది.

ఆ ఫోన్ కాల్ ముదిరితే ఏమవుతుందో పుణెలో చూశాం. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణీనగర్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొట్టి మధ్యప్రదేశ్ నుంచి వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. పదిహేను గంటల్లో బెయిలొచ్చింది, షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం. దేశమంతా ఆ వ్యాసం గురించే మాట్లాడుకుంది, తర్వాత బెయిలు ఉత్తర్వు మార్చి కుర్రాణ్ణి అబ్జర్వేషన్ హోమ్‌కి పంపారు. నన్ను కుదిపేసింది ఆ తర్వాత పోలీసులు చెప్పిన సంగతి. కొడుకు రక్తం శాంపిల్ మార్చేసి, దాని స్థానంలో కన్నతల్లి తన రక్తం ఇచ్చిందన్నది వాళ్ళ అభియోగం. నేరం మీద వేసుకోమని ఇంటి డ్రైవర్‌ని బెదిరించి నిర్బంధించారని తండ్రి మీదా తాత మీదా కేసు పెట్టారు. ఆ అభియోగాలు నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు. కోట్ల ఖరీదు చేసే ఆ కారుకి 1,758 రూపాయల ఫీజు కట్టక రిజిస్ట్రేషనే పూర్తి కాలేదని మాత్రం మహారాష్ట్ర రవాణా శాఖే చెప్పింది. లైసెన్సు లేని పిల్లాడు, నంబరు లేని కారు. ఈ రెంటిలో ఒక్కటి కూడా ఆ వయసు కుర్రాడు ఒంటరిగా చేయగలిగిన పని కాదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్నది ఇలాంటి ఇళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

అంత పెద్ద ఇంటి సంగతి మనకెందుకు అనిపించవచ్చు. మా సెల్లార్లో "నువ్వు పైకెళ్ళు, నేను చూసుకుంటా" అన్న మాటకీ దానికీ డబ్బులోనే తేడా. నేను అందులో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

గౌరవం సంగతీ ఇంతే. మన భాషలో గౌరవం క్రియ చివరే ఉంటుంది, దాచుకోవడానికి వీల్లేదు. స్కూలు కరస్పాండెంట్‌ని "మీరు రండి" అంటాం, అరవై ఏళ్ళ వాచ్‌మన్‌ని "ఏయ్, ఇటు రా" అంటాం. పని మనిషి వయసు ఎంతైనా "వచ్చింది, పోయింది" అనే. రెండేళ్ళ పిల్లకి కూడా ఎవరి దగ్గర "అండీ" పెట్టాలో, ఎవరి దగ్గర అక్కర్లేదో మన నోటి నుంచే తెలిసిపోతుంది. ఒకరోజు మా అబ్బాయి బాల్కనీలోంచి వాచ్‌మన్‌ని "మోటార్ ఆపమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచాడు. వాణ్ణి కోప్పడదామని లేచాను. లేచాక అర్థమైంది, ఆ మాట నాది, ఆ గొంతు నాది, ఆ "నీకు" మీద నొక్కడం కూడా నాదే. ఆ రోజు నుంచి వాచ్‌మన్‌ని "మీరు" అంటున్నాను. మొదట్లో ఆయనే ఇబ్బంది పడ్డాడు, ఏమైంది సార్ అన్నట్టు చూసేవాడు. మా అబ్బాయికి అలవాటు కావడానికి ఐదారు నెలలు పట్టింది, ఇప్పటికీ కోపంలో జారుతుంది, నాకూ జారుతుంది.

తల్లిదండ్రుల్ని తిట్టి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ గుండెల్లో ఒక భయం ఉంది. పిల్లాణ్ణి గట్టిగా ఏదన్నా అంటే ఏ అఘాయిత్యం చేసుకుంటాడో అన్న భయం. ప్రతి ఏడూ ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు పేపర్ తెరవాలంటే చేతులు వణుకుతాయి, అలాంటి రాష్ట్రాల్లో బతుకుతున్నాం. ఫోన్ లాక్కుంటే తలుపేసుకున్నాడని, బండి కొనకపోతే అన్నం మానేశాడని తల్లులు నాతో చెప్పుకున్నారు. ఆ భయంతోనే అడిగిందల్లా ఇచ్చేస్తున్నారు. నేను ఆ తల్లుల్ని తప్పుపట్టలేను. కానీ ఒక్కటి అడుగుతాను. పిల్లాణ్ణి నలిపేస్తున్నది మార్కుల టెన్షనే అయినప్పుడు మనం వదులు చేయాల్సింది అక్కడ కదా? అక్కడ మాత్రం పిడికిలి బిగించి, అది చాలదన్నట్టు ఫలానా వాళ్ళబ్బాయితో పోల్చి, ఆ తప్పు కడుక్కోవడానికి బండి తాళం చేతిలో పెడుతున్నాం. ఫిజిక్స్‌లో తప్పితే ఫర్వాలేదు, మళ్ళీ రాద్దువులే అని దగ్గరికి తీసుకోండి. మనిషిని గుద్ది వెళ్ళిపోతే మాత్రం ఫర్వాలేదని అనకండి, పద నేనూ వస్తాను అని వాళ్ళింటికి తీసుకెళ్ళండి. కొట్టక్కర్లేదు, అరవక్కర్లేదు, పిల్లాడి పక్కన నిలబడితే చాలు. పదహారేళ్ళ వాడికి అది చాలా కష్టమైన పని, అందుకే పెద్దవాళ్ళు పక్కనుండాలి.

పల్లెల్లో కథ కొంచెం వేరు. బస్సు రాని ఊళ్ళో టెన్త్ పిల్లాడు బడికి వెళ్ళాలన్నా, నాన్నకి పొలంలోకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళాలన్నా టీవీఎస్ బండే గతి. ఆ ఇంటికి 199ఏ సెక్షన్ చదివి వినిపించే ముందు అక్కడికి బస్సు వేయించాలి. నా కోపం ఆ ఇంటి మీద కాదు.

పోయిన నెల ఇస్త్రీ బండి దగ్గర ఆగి, అప్పటి సంగతి మొదటిసారి ఆయన్ని అడిగాను. చెయ్యి అతుక్కుంది గానీ మణికట్టు పూర్తిగా తిరగడం లేదట. బొగ్గుల పెట్టె బరువు కాబట్టి ఎడం చేత్తో నేర్చుకున్నారు, రోజుకి యాభై జతలు చేసే మనిషి ముప్ఫై దాటలేకపోతున్నారు. మీకు కోపం లేదా అన్నాను. "డబ్బులిచ్చారు కదా సార్" అన్నారు. కాసేపు ఆగి, "బాబు ఒక్కసారి కిందికొచ్చి ఎలా ఉందని అడిగుంటే బాగుండు. మా ఆవిడ ఇప్పటికీ అదే అంటది" అన్నారు.

ఆ సాయంత్రమే కుర్రాడి తండ్రికి ఈ మాట చెప్పాను. "పాత సంగతులు ఇప్పుడెందుకండీ" అని ఆయన నవ్వేసి టాపిక్ మార్చారు. కుర్రాడు ఇప్పుడు చెన్నైలో బీటెక్ మూడో ఏడు. సంక్రాంతికి ఇంటికొస్తాడు. ఈసారి వాళ్ళ నాన్నతో కాకుండా వాడితోనే మాట్లాడదామనుకుంటున్నాను. వస్తానంటే ఇస్త్రీ బండి దాకా నేనూ తోడు వెళ్తాను. ఆ రోజు వాణ్ణి పైకి పంపించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.