ప్రకటనలకు ముందు ఈ లెక్క వేయండి

స్టార్టప్ అన్నాక మొదటి రోజు నుంచే ఆన్‌లైన్ ప్రకటనలకు డబ్బు పెట్టాలన్న మాట నాకు సరిగ్గా అనిపించలేదు. ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకునే సర్వీసు డ్రాప్‌బాక్స్ కథే చూడండి. మొదట్లో గూగుల్ ప్రకటనలు ఇస్తే ఒక్కో కస్టమర్‌కి 233 నుంచి 388 డాలర్ల దాకా ఖర్చయింది. అమ్మేదేమో 99 డాలర్ల ప్లాన్! తర్వాత స్నేహితుణ్ని చేర్పిస్తే ఇద్దరికీ అదనపు స్టోరేజ్ ఇస్తామన్నారు. 2008 సెప్టెంబరులో లక్ష మంది ఉన్న యూజర్లు 2010 జనవరికి 40 లక్షలయ్యారు. అదొక్కటే కారణమని అనను, వాడినవాళ్లకు నచ్చింది కాబట్టే నలుగురికీ చెప్పారు. పచ్చళ్లు అమ్మే మా అక్కకు కూడా ఆర్డర్లన్నీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల నుంచే. దయచేసి అప్పు తెచ్చి ప్రకటనలకు పోయకండి. ముందు మీ దగ్గర కొన్న పదిమందికి ఫోన్ చేసి, మా గురించి ఎలా తెలిసిందని అడగండి.