సంతకం అధ్యక్షుడిది, షరతులు ప్రత్యర్థులవి

1961లో అమెరికాలో ఎంతోమంది డాక్టర్ల ఇళ్లకు ఒక గ్రామఫోన్ రికార్డు చేరింది. అందులో గొంతు హాలీవుడ్ నటుడు రొనాల్డ్ రీగన్‌ది. అప్పటికి ఆయన ఇంకా ఏ ప్రభుత్వ పదవికీ పోటీ చేయలేదు. డాక్టర్ల భార్యలు ఇరుగుపొరుగు ఆడవాళ్లను కాఫీకి పిలవాలి, రికార్డు వినిపించాలి, విన్నవాళ్ల చేత తమ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయించాలి. ఇదంతా నడిపించింది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అనే డాక్టర్ల సంఘం. ముసలివాళ్ల ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే దేశం సోషలిజంలోకి జారిపోతుందని ఆ రికార్డులో హెచ్చరిక.

నాలుగేళ్లకు ఆ వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ పేరుతో చట్టమైంది. కాఫీ పార్టీలు ఓడిపోయాయని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. నాకు మాత్రం అంత నమ్మకం లేదు. అమెరికాలో సంక్షేమ చట్టాలను వ్యతిరేకించినవాళ్లు ఓటింగ్ రోజున ఓడిపోతారు గానీ, అప్పటికే బిల్లు లోపల తమకు కావాల్సినది రాయించుకుని ఉంటారు. ఎవరికి వర్తించదు, డబ్బు ఎవరి చేతుల మీదుగా పోతుంది, ఏది రాష్ట్రాల ఇష్టానికి వదిలేస్తారు అన్న మూడు ప్రశ్నల దగ్గర వాళ్ల చేతివాటం కనబడుతుంది.

1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టాన్నే చూడండి. వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ బీమా అందులో వచ్చాయి. ఆరోగ్య బీమా రాలేదు. దాన్ని కలిపితే డాక్టర్ల సంఘం మొత్తం బిల్లునే ముంచేస్తుందని భయపడి ముందే పక్కన పెట్టేశారు. పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను కూడా పింఛను నుంచి తప్పించారు. దేశంలోని నల్లజాతి కార్మికుల్లో సగానికి పైగా ఈ రెండు పనుల్లోనే ఉండేవాళ్లు. చిన్న చిన్న యజమానుల దగ్గర పన్ను వసూలు చేయడం కష్టమని ఆర్థిక మంత్రి మార్గెంథా చెప్పిన మాటే దీనికి కారణమని కొందరు చరిత్రకారులు అంటారు. అది పూర్తిగా కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ బిల్లు దాటాల్సిన రెండు కమిటీలకు అధ్యక్షులు మిసిసిపీ సెనేటర్ హారిసన్, నార్త్ కరొలైనా ప్రతినిధి డౌటన్. ఇద్దరూ రూజ్‌వెల్ట్ పార్టీవాళ్లే, ఇద్దరూ దక్షిణాది వాళ్లే. కూలీకి వాషింగ్టన్ నుంచి నేరుగా డబ్బు అందడం అక్కడి భూస్వాములకు నచ్చే విషయం కాదు. వసూలు కష్టమన్న సాకు వాళ్లకు చక్కగా కలిసొచ్చింది. ఆ కూలీలకు తలుపు తెరుచుకోవడానికి 1950, 1954 సవరణలు రావాల్సి వచ్చింది.

బయటి వ్యతిరేకత చాలా గోల చేసింది గానీ నిలబడలేదు. 1936 ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ ఈ పథకాన్ని క్రూరమైన మోసం అన్నారు. జనవరి నుంచి మీ జీతంలో కోత పడుతుందని ఫ్యాక్టరీ యజమానులు జీతం కవర్లలో చీటీలు పెట్టారు. లాండన్ గెలిచింది మెయిన్, వెర్మాంట్ రెండే రాష్ట్రాలు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కూడా చట్టాన్ని సమర్థించింది. 1940 జనవరిలో మొట్టమొదటి నెలవారీ పింఛను చెక్కు అందుకున్న ఐడా మే ఫుల్లర్ ఆ వెర్మాంట్ మనిషే. చెక్కు విలువ 22 డాలర్ల 54 సెంట్లు. ఆమె కట్టిన పన్ను మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్లు బతికి, దాదాపు 22,900 డాలర్లు అందుకుంది. ఇలాంటి చెక్కు ఇంటింటికీ రావడం మొదలయ్యాక దాన్ని ఆపేస్తానని ఓటు అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

1935లో పక్కన పెట్టిన ఆరోగ్య బీమాను అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరులో మళ్లీ ఎత్తుకున్నారు. ఆయన 1948 ఎన్నికల్లో గెలవగానే డాక్టర్ల సంఘం సభ్యుల దగ్గర తలా 25 డాలర్లు వసూలు చేసి, ఎన్నికల ప్రచారాలు నడిపే కాలిఫోర్నియా సంస్థ ఒకదాన్ని కుదుర్చుకుంది. సోషలిస్టు వైద్యం అన్న ముద్ర అప్పుడే ఊరూరా పాకింది. అవి కమ్యూనిజం పేరెత్తితేనే ఉలిక్కిపడే రోజులు. ట్రూమన్ బిల్లు ఓటింగ్ దాకా కూడా రాలేదు. 1962లో కెన్నెడీ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిక్కిరిసిన సభలో వృద్ధుల కోసం మాట్లాడితే, మర్నాడు డాక్టర్ల సంఘం ప్రతినిధి ఖాళీ అయిన అదే హాల్లోంచి టీవీలో జవాబిచ్చారు. రెండు నెలలకు సెనేట్‌లో బిల్లు 52-48 తేడాతో వీగిపోయింది.

1964 అధ్యక్ష ఎన్నికల్లో జాన్సన్ 44 రాష్ట్రాలు గెలిచాక లెక్క మారింది. ఏళ్ల తరబడి బిల్లును తన కమిటీలో తొక్కిపెట్టిన ఆర్కన్సా డెమొక్రాట్ విల్బర్ మిల్స్ ఇక ఆపలేనని గ్రహించి, తానే కలం పట్టారు. అప్పటికి ఆయన ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. వృద్ధులకు ఆసుపత్రి బీమా ప్రభుత్వానిది. ఇష్టమైనవాళ్లు ప్రీమియం కట్టి డాక్టర్ ఫీజులకు బీమా తీసుకోవడం రిపబ్లికన్లది. పేదలకు మాత్రమే, అదీ రాష్ట్రాల ద్వారా సాయం చేయడం డాక్టర్ల సంఘానిది. ఏదో ఒకటి ఎంచుకుంటారని అందరూ ఎదురుచూస్తుంటే మిల్స్ మూడింటినీ ఒకే బిల్లులో పెట్టేశారు. మొదటి రెండూ కలిసి మెడికేర్ అయ్యాయి, మూడోది మెడికెయిడ్ అయ్యింది.

1965 జులై 30న జాన్సన్ మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊరికి వెళ్లి, ముసలితనంలో ఉన్న ట్రూమన్ పక్కన కూర్చుని సంతకం చేశారు. మొదటి మెడికేర్ కార్డు ట్రూమన్‌కే ఇచ్చారు. ఫొటో బాగానే ఉంది. చట్టం తెరిచి చూస్తే మొదట్లోనే ఒక హామీ కనబడుతుంది: డాక్టర్లు వైద్యం చేసే తీరు మీద ఫెడరల్ అధికారులు అజమాయిషీ చేయకూడదు. ఆసుపత్రులకు అయిన ఖర్చు అయినట్టు ఇస్తారు, డాక్టర్లకు అలవాటైన ఫీజు కడతారు. బిల్లులు చూసి డబ్బు చెల్లించే పని బ్లూక్రాస్ లాంటి బీమా సంస్థలకు అప్పగించారు. ఏ పథకం వస్తే తమ వృత్తి నాశనమవుతుందని డాక్టర్లు గగ్గోలు పెట్టారో, దాంతో వాళ్ల ఆదాయం పెరిగింది. ఖర్చులు భగ్గుమన్నాయి. అమెరికా వైద్యం ఎందుకంత ఖరీదు అని మన చుట్టాలు అడిగే ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఈ బేరంలోనే ఉంది.

అదే చట్టం ఆసుపత్రుల్లో శిక్షణ పొందే డాక్టర్లకయ్యే ఖర్చుకూ డబ్బిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల నుంచి అమెరికా విమానం ఎక్కిన తరానికి దారి చేసింది ఈ రెండు సంతకాలూ కలిసే.

ప్రత్యర్థులు ముందుగా పసిగట్టలేకపోయినది ఒకటుంది. వివక్ష చూపే సంస్థకు ఫెడరల్ డబ్బు ఇవ్వకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెబుతోంది. మెడికేర్ డబ్బు కావాలంటే దక్షిణాది ఆసుపత్రులు తెల్లవాళ్ల వార్డు, నల్లవాళ్ల వార్డు అన్న గోడ తీసేయాలి. 1966 జులై 1న పథకం మొదలయ్యేలోగా ఇన్‌స్పెక్టర్లు ఎన్నో ఆసుపత్రులు తిరిగారు. ఏళ్లకేళ్లు కోర్టు కేసులతో కదలని గోడలు దాదాపు వెయ్యి ఆసుపత్రుల్లో కొన్ని నెలల్లోనే కూలాయి. జాన్సన్ పాలనలో ఇంతకంటే పెద్ద పని ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎందుకో దీని గురించి ఎక్కువ మంది మాట్లాడరు.

ఇక రీగన్ సంగతి. ఆసుపత్రులకు అడిగినంత ఇచ్చే పద్ధతి ఆపి, జబ్బును బట్టి ప్రభుత్వమే ముందుగా రేటు కట్టే పద్ధతికి 1983లో సంతకం చేసిన అధ్యక్షుడు ఆయనే. 1988లో మెడికేర్‌ను మరింత విస్తరించే చట్టం మీదా ఆయనే సంతకం చేశారు. ఆ రెండోది ఏడాదిన్నర కూడా బతకలేదు. దాన్ని చంపింది డాక్టర్లో బీమా కంపెనీలో కాదు, లబ్ధిదారులే. అదనపు ఖర్చుకు వృద్ధులే సర్‌చార్జి కట్టాలని అందులో ఉంది. 1989 ఆగస్టులో షికాగోలో ప్రతినిధుల సభ పన్నుల కమిటీ చైర్మన్ రాస్టెన్‌కౌస్కీ కారును పెద్దవాళ్లు చుట్టుముట్టారు. ఒకావిడ బానెట్ మీదికి ఎక్కేసింది. ఆయన కారు దిగి పరుగెత్తాల్సి వచ్చింది. కొన్ని నెలలకే కాంగ్రెస్ ఆ చట్టాన్ని రద్దు చేసింది. అప్పట్నుంచి ఏ కొత్త పథకానికైనా డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో గట్టిగా చెప్పాలంటే అక్కడి నాయకులకు టెన్షనే.

2003లో బుష్ వృద్ధులకు మందుల బీమా తెచ్చినప్పుడు, ధరల విషయంలో ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదన్న షరతు చట్టంలోకి చేరింది. కొన్ని మందులకైనా ఆ బేరం మొదలుపెట్టడానికి 2022లో బైడెన్ చట్టం రావాల్సి వచ్చింది.

ఒబామా ఆరోగ్య బీమా చట్టం 2010 మార్చిలో ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కింది. పేదలందరికీ మెడికెయిడ్, అంతకంటే కాస్త పైనున్నవాళ్లకు ప్రైవేటు బీమా కొనుక్కోవడానికి సబ్సిడీ. ఇదీ అందులో ఏర్పాటు. మెడికెయిడ్ అంటే 1965లో డాక్టర్ల సంఘం ప్రతిపాదన నుంచి వచ్చిన, రాష్ట్రాల చేతుల్లో ఉన్న భాగం. ఫ్లోరిడా, టెక్సాస్‌తో సహా 26 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది గానీ, మెడికెయిడ్ విస్తరణ కోసం రాష్ట్రాలను బలవంతపెట్టకూడదంది. ఖర్చులో 90 శాతం కేంద్రమే ఇస్తానన్నా పది రాష్ట్రాలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సాస్, జార్జియా ఆ పదిలో ఉన్నాయి.

దీని ఫలితం డాలస్‌లో చూడొచ్చు. పిల్లలు లేని, వైకల్యం లేని 19-64 ఏళ్ల మనిషి ఎంత పేదవాడైనా టెక్సాస్‌లో మెడికెయిడ్ రాదు. సబ్సిడీ ఏమో పేదరికపు గీత దగ్గర మొదలవుతుంది. ఆ గీత కింద ఉన్నవాళ్లను మెడికెయిడ్ చూసుకుంటుందన్న లెక్కతో రాసిన చట్టం అది. కాబట్టి గీతకు కాస్త పైన సంపాదించే వంటమనిషికి ప్రభుత్వ సాయంతో బీమా దొరుకుతుంది. అతని పక్కనే గిన్నెలు కడుగుతూ అంతకంటే తక్కువ తెచ్చుకునేవాడికి ఏమీ దొరకదు.