అది సరే, మీ అసలు డిపార్ట్‌మెంట్ ఏది?

వలసలు, జాతుల మధ్య సంబంధాలు, జెండర్. ఈ మూడింటినీ ఒకే డిగ్రీలో చెప్పే పీజీ కోర్సులు ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఆలోచన మంచిదే. దేశం దాటే మనిషి తన జాతినీ, ఆడో మగో అన్న సంగతినీ గుమ్మం దగ్గర వదిలేసి పోడు కదా, మరి చదువులో ఎందుకు విడదీయాలి అని పెద్దలు అనుకున్నారు. అనుకుని శాఖల మధ్య గోడలు కూల్చారు. కూల్చిన చోట కౌంటర్లు పెట్టారు.

మొదటిది అడ్మిషన్ కౌంటర్. ఆన్‌లైన్ ఫారంలో 'జాతీయత' అని ఒక గడి, పక్కన ఎర్ర నక్షత్రం. మనిషి జాతీయత ఒక గడిలో ఇమడదన్నదే అభ్యర్థి రీసెర్చ్ ప్రపోజల్. ఆ గడి నింపితే తప్ప ప్రపోజల్ అప్‌లోడ్ కాదు. కింద జెండర్ గడి. అక్కడ 'ఇతర' అనే ఆప్షన్ కూడా ఉంది, కాలం మారింది మరి. దాన్ని నొక్కితే ఇంకో పెట్టె తెరుచుకుంటుంది: 'పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి.'

తర్వాత వీసా. కొన్ని దేశాల్లో స్టూడెంట్ వీసా రావాలంటే, చదువయ్యాక వెనక్కి వెళ్లిపోతామని అధికారిని నమ్మించాలి. అంటే వలసల గురించి చదవడానికి మొదటి అర్హత, వలస వెళ్లే ఉద్దేశం లేకపోవడం. వంట కోర్సులో చేరేవాణ్ణి ఆకలి లేదని రుజువు తెమ్మని ఎవరూ అడగరు. అద్దం అవతలి అధికారి 'ఏం చదవబోతున్నారు?' అన్నప్పుడు 'మైగ్రేషన్' అనే ముందు ఒక్క క్షణం తడబడటమే ఈ కోర్సులో తొలి ఫీల్డ్‌వర్క్.

ఇక సిలబస్. 1885లోనే రావెన్‌స్టీన్ అనే ఆయన బ్రిటన్ జనాభా లెక్కలు తిరగేసి, దగ్గరి దూరాలకు మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువగా వలస వెళ్తున్నారని రాశాడు. తర్వాతి పండితులు ఆ వాక్యాన్ని గౌరవంగా పక్కన పెట్టి, వలసదారు అంటే మగవాడు, భార్య అతని సామానులో ఒక భాగం అన్నట్టు దశాబ్దాలపాటు సిద్ధాంతాలు కట్టారు. 1980లలో మిర్యానా మొరోక్వాసిచ్ లాంటి పరిశోధకులు గట్టిగా అడిగాక పొరపాటు దిద్దుకున్నారు. ఎలాగంటే, పదకొండో వారంలో 'మహిళలు, వలస' అని ఒక క్లాసు పెట్టారు. మిగతా వారాల్లో వలస వెళ్లేవాళ్లకు జెండర్ ఉండదు. సెలవు వచ్చి క్లాసు ఎగిరిపోయేదీ సాధారణంగా ఆ వారమే.

ఒక జాతిని జాతిగా నిలబెట్టేది లోపలి సంస్కృతి కాదు, చుట్టూ గీసుకున్న గీత అని 1969లో నార్వే ఆంత్రోపాలజిస్టు ఫ్రెడ్రిక్ బార్త్ చెప్పాడు. ఇదే పాఠం సోషియాలజీ వాళ్లూ చెబుతారు, ఆంత్రోపాలజీ వాళ్లూ చెబుతారు. కాకపోతే ఒకరి క్రెడిట్లు ఇంకొకరి దగ్గర చెల్లవు. బార్త్ పాపం పఠాన్ల సంగతి తెలుసుకోవడానికి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ దాకా వెళ్లాడు. ఈ శాఖల మధ్య కారిడార్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నా సరిపోయేది.

వలసదారుల పిల్లల్ని 'అసలు మీదెక్కడ?' అని అడగడం ఎంత గుచ్చుకుంటుందో పొద్దున క్లాసులో గంటన్నర చెప్పిన ప్రొఫెసరే, మధ్యాహ్నం స్టూడెంటును ఆపి అడుగుతారు: 'అసలు మీ డిపార్ట్‌మెంట్ ఏదమ్మా?'

'అన్నీ కలిపి, సార్.'

'అది సరే. అసలుది?'

వైవాలో న్యాయశాస్త్రం ఆయనకు థీసిస్‌లో చట్టం తక్కువగా కనిపిస్తుంది. స్టాటిస్టిక్స్ ఆవిడకు మాట్లాడించిన మనుషులు తక్కువ. జెండర్ స్టడీస్ ఆవిడకు థియరీ తక్కువ. పేజీలు మాత్రం ఎక్కువయ్యాయని ముగ్గురూ ఏకగ్రీవంగా తేలుస్తారు.

ఉద్యోగాల దగ్గర 1976 నాటి ఒక అమెరికన్ కోర్టు తీర్పు గుర్తొస్తుంది. ఒక కార్ల కంపెనీపై నల్లజాతి మహిళలు కేసు వేస్తే, కంపెనీలో ఆడవాళ్లు ఉన్నారుగా అని లింగ వివక్ష ఫిర్యాదు కొట్టేసి, జాతి వివక్ష అయితే వేరే కేసులో కలవమన్నారు. రెండూ కలిపి అడగకూడదట. న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లే క్రెన్షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటం) అనే మాట తెచ్చింది ఇలాంటి కేసులు చూసే. ఆ మాట ఉద్యోగ ప్రకటన మొదటి పేరాలో తప్పక ఉంటుంది. అర్హతల దగ్గరికొస్తే 'సోషియాలజీలో పీహెచ్‌డీ'.

కాబట్టి ఒక విన్నపం. ఎందుకు వేధిస్తే శరణార్థి అవుతారో చెబుతూ 1951 శరణార్థుల ఒప్పందం ఐదు కారణాలను గుర్తించింది: జాతి, మతం, జాతీయత, ప్రత్యేక సామాజిక వర్గ సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం. అందులో జెండర్ లేదు. అందుకే ఆడవాళ్ల కేసుల్ని లాయర్లు తరచూ నాలుగో కారణంలోకి ఎలాగోలా దూరుస్తుంటారు. ఈ కోర్సు చదివినవాళ్లను కూడా అదే సందులోంచి దూర్చి, ఏదో ఒక శాఖలో శరణు ఇప్పించాలి. యూనివర్సిటీ కమిటీ సానుకూలంగానే స్పందిస్తుందని నమ్మకం. షరతు కూడా ఇప్పుడే ఊహించవచ్చు: ఏ శాఖ తరిమేసిందో ఆ శాఖాధిపతి నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్, మూడు కాపీలు, సంతకంతో సహా.