మూడో భాగం ఎలా ఉందో ఎవర్ని అడగాలి?

విశాఖ జగదాంబ జంక్షన్‌లో పెద్ద సినిమా బెనిఫిట్ షో వదిలేసరికి గేటు దగ్గర మైకులు సిద్ధంగా ఉంటాయి. బయటికొచ్చిన కుర్రాడి గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంటుంది. టాక్ ఏంటని అడిగితే ‘బొమ్మ బ్లాక్‌బస్టర్’ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, అతనికి ఆ రాత్రి అలాగే అనిపించింది. ఆ మాటను మనం సినిమాకు పడ్డ మార్కుగా తీసుకుంటేనే చిక్కు. అది రెండో భాగమో మూడో భాగమో అయితే చిక్కు ఇంకా ముదురుతుంది. అతను ఆ మూడు గంటల సినిమా ఒక్కటే చూసి రాలేదు. ముందు భాగాలు, ఏళ్ల ఎదురుచూపు, టీజర్లు, ట్రైలర్లు, అన్నీ కలిపి చూసి వచ్చాడు.

అలాంటి అభిమాని నిష్పాక్షికంగా తీర్పు చెప్పగలడా? మొత్తం సినిమాకు ఒక్క మార్కు వేయమంటే చెప్పలేడనే నా నమ్మకం. కానీ సిరీస్ విషయంలో కొన్ని ప్రశ్నలున్నాయి. వాటికి అతను తప్ప ఇంకెవరూ సరైన జవాబివ్వలేరు.

అభిమానం కంటిచూపునే మార్చేస్తుందని చూపిన పాత అధ్యయనం ఒకటుంది. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ దాదాపు కొట్లాటలా సాగింది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ మ్యాచ్ ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు వేసి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు సొంత విద్యార్థులకు ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ వాళ్లకు అంతకు రెట్టింపు పైనే కనిపించాయి. ఫిల్ము ఒకటే, లెక్కలు రెండు. 1954లో అచ్చయిన ఆ ఫలితాన్ని చూశాక ‘కాస్త న్యూట్రల్‌గా చూడు బ్రదర్’ అని అభిమానికి చెప్పడం వృథా అనిపిస్తుంది. గట్టిగా అనుకున్నంత మాత్రాన చూపు మారదు.

మన ఊరితో ముడిపడ్డ, హత్య కేసుల దర్యాప్తు మీద నడిచే ‘హిట్’ సినిమాల సిరీస్‌నే దగ్గరగా చూద్దాం. ఇందులో ఒక్కో భాగాన్ని ఒక్కో ‘కేసు’ అంటారు. శైలేష్ కొలను తీసిన మొదటి కేసు 2020లో విశ్వక్ సేన్‌తో వచ్చింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన రెండోది విశాఖలోనే నడుస్తుంది, అందులో హీరో అడివి శేష్. 2025 మే 1న మూడోది నానితో వచ్చింది. భాగం మారినప్పుడల్లా హీరో మారతాడు. తెలుగులో ఇది అరుదు. మామూలుగా హీరో అభిమాని, సిరీస్ అభిమాని ఒకే మనిషిలో కలిసిపోయి ఉంటారు. ఇక్కడ మాత్రం విడివిడిగా దొరుకుతారు.

రెండో కేసు చివర్లో హంతకుడు దొరికి కథ ముగిశాక, రాబోయే భాగం హీరోగా నాని తెర మీదికి వస్తాడు. ఈలలు, కేకలు. ఆ నిమిషం రెండో సినిమాది కానే కాదు, మూడోదానికి ప్రకటన. కానీ మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం పరిశోధనల ప్రకారం, ఒక అనుభవాన్ని మనం గుర్తుపెట్టుకునేది ముఖ్యంగా దాని పతాక క్షణాన్ని బట్టీ, ముగింపును బట్టీ. హంతకుడు ఎందుకలా తయారయ్యాడో నమ్మేలా ఉందా, క్లూలు కథ మధ్యలోనే ప్రేక్షకుడి కళ్ల ముందు పెట్టారా, చివర్లో జేబులోంచి తీశారా? దర్యాప్తు సినిమాకు అసలు పరీక్ష ఇదే. అదే ఆ హడావుడిలో కొట్టుకుపోతుంది. మార్కు వేసేటప్పుడు ముందు ఆ చివరి సీన్‌ను పక్కన పెట్టాలి.

విశాఖ ప్రేక్షకుడికి ఇంకో ప్రలోభం ఉంది. తెర మీద మన ఊరు కనిపిస్తే వచ్చే సంబరం. రసాస్వాదనకు అడ్డొచ్చే ఏడు విఘ్నాలను కశ్మీర అలంకారికుడు అభినవగుప్తుడు వెయ్యేళ్ల కిందటే చెప్పాడు. సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం వాటిలో ఒకటి. మన ఊరు కనిపిస్తే మురిసిపోవడం, మన హీరో నడిచొస్తుంటే ఒళ్లు పులకరించడం ఆ కోవలోవే. మురిసిపోవచ్చు, తప్పేం లేదు. ఆ సంబరాన్ని దర్శకుడి ఖాతాలో జమ చేయకుంటే చాలు.

డబ్బూ చూపును మారుస్తుంది. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ షోకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించిన టికెట్ ధర జీఎస్టీ కాక 800 రూపాయలు. అంత పెట్టి, ఒంటిగంట దాటాక ఇంటికి చేరే మనిషికి ‘పర్లేదు, ఓసారి చూడొచ్చు’ అనడం కష్టం. అయితే అద్భుతం అంటాడు, లేకపోతే మోసపోయానంటాడు. తిట్టే అభిమాని మాటను కూడా పొగిడే అభిమాని మాటలాగే తగ్గించి వినాలి. 2005లో డేనియల్ క్రెయిగ్‌ను జేమ్స్‌బాండ్‌గా ప్రకటించినప్పుడు, జుట్టు రంగు దగ్గర్నుంచి అన్నిటికీ వంక పెట్టి బహిష్కరిస్తామన్నది బాండ్ అభిమానులే. ఒక్క సీను కూడా చూడకుండానే తీర్పిచ్చేశారు. 2006లో ‘కేసినో రాయల్’ వచ్చాక ఆ గొడవ చల్లబడింది. ఆయన 2021 దాకా ఐదు సినిమాల్లో బాండ్‌గా కొనసాగాడు.

మరి అభిమాని మాట దేనికి పనికొస్తుంది? సిరీస్ తన మాట తప్పిందా లేదా అన్నది అతనికి తెలిసినంతగా విమర్శకుడికి తెలియదు. ‘హిట్’ మొదటి కేసులో హీరో, పోలీసు అధికారి విక్రమ్‌కు నిప్పు చూస్తే పాత గాయం రేగి వణుకు పుడుతుంది. పోలీసు బలహీనత కూడా కథలో భాగమే. మూడో కేసుకొచ్చేసరికి నాని వేసిన అర్జున్ సర్కార్ చేతిలో దర్యాప్తు కన్నా రక్తపాతం ఎక్కువైంది. కొత్తగా చూసేవాడికి అదొక యాక్షన్ సినిమా, హీరో అభిమానికి పండగ. క్లూ వెంట క్లూ పట్టుకుని నడిచే సరదా ఎక్కడ జారిపోయిందో వేలుపెట్టి చూపించగలిగేది మొదటి కేసు నుంచీ వెంట వస్తున్నవాడే. నా లెక్కలో ఆ ఒక్క ఫిర్యాదు పది రివ్యూల పెట్టు. సిరీస్‌లకు పట్టే జబ్బు దాదాపు ఎప్పుడూ ఇదే: గత భాగాన్ని మించాలన్న తొందరలో విలన్ పెరుగుతాడు, శవాలు పెరుగుతాయి, నిడివి పెరుగుతుంది. జనం మొదట దేన్ని ఇష్టపడ్డారో దానికే చోటు మిగలదు.

నిజాయతీగా అంచనా వేయాలనుకునే అభిమాని చేయగల పనులు కొన్ని ఉన్నాయి. సినిమాకు వెళ్లే ముందే ఏం ఆశిస్తున్నాడో మూడు వాక్యాలు రాసుకోవాలి. చూశాక నచ్చనివాటిని ఆ కాగితం పక్కన పెడితే, సినిమా లోపమేదో, తను ఊహించుకున్న కథ రాకపోవడమేదో విడిపోతాయి. వారం ఆగి, ఖాళీగా ఉండే మ్యాట్నీలో రెండోసారి చూడాలి. ఏం జరుగుతుందో అన్న ఆత్రం తీరిపోయాక, ఎలా జరిపించారో అప్పుడే కనిపిస్తుంది. కుదిరితే ముందు భాగాలు చూడనివాళ్లను తోడు తీసుకెళ్లి, బయటికొచ్చాక టీ తాగుతూ కథ చెప్పమనాలి. వాళ్లు తడబడే చోట సినిమా పాత భాగం భుజాల మీద నిలబడిందని అర్థం.

ఇక కలెక్షన్ల పోస్టర్లు. ఉత్తరాంధ్రలో మొదటి మూడు రోజుల షేర్ ఎక్కువగా గత భాగం సంపాదించిన నమ్మకాన్నే చూపిస్తుంది. పైగా పెంచిన రేట్ల మీద వచ్చిన రూపాయల్లో ఎంతమంది చూశారో తెలియదు. ఈ సినిమా సంగతి తెలియాలంటే రేట్లు మామూలుకొచ్చాక, గాజువాకలోనో మద్దిలపాలెంలోనో సోమవారం మ్యాట్నీకి వెళ్లాలి. ఎంతమంది వచ్చారో లెక్క చూసుకుని, ఇంటర్వెల్లో తలుపు దగ్గర నిలబడాలి. లైట్లు ఆరకముందే జనం పాప్‌కార్న్ పట్టుకుని సీట్లలోకి వచ్చేశారా, సెకండాఫ్ మొదలై పది నిమిషాలైనా ఫోన్ చూసుకుంటూ బయటే తిరుగుతున్నారా?