ఏరీ ఎందుకు వద్దంది? గేముల్లో ప్రేమకథలు, అభిమానుల మాడ్లు, మన చెంచులక్ష్మి

2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2 అనే కంప్యూటర్ ఆటలో ఏరీ అనే అమ్మాయి ఉంటుంది. రెక్కలున్న జాతిలో పుట్టింది. బానిసల వ్యాపారుల చేతికి చిక్కి, ఆ రెక్కలు పోగొట్టుకుని, సర్కస్‌లో తేలింది. మన జట్టులో చేరాక మెల్లగా మాటలు కలుపుతుంది. ఒక రాత్రి తనంతట తానే దగ్గరికొస్తుంది. సరేనన్నామా, ఆ ప్రేమకథ అక్కడితో ఆఖరు. తొందరపడ్డామంటూ తనే తెంచేసుకుంటుంది. "ఇప్పుడే వద్దు, ఆగుదాం" అన్నవాళ్లకే కథ ముందుకు పోతుంది. బటన్ నొక్కితే పని అయిపోవాలనుకునే కుర్రాళ్లకు ఇది గట్టి దెబ్బే.

పాతికేళ్లుగా ఫాంటసీ ఆర్‌పీజీల్లో, అంటే ఒక పాత్రగా మారి కథ నడిపించే ఆటల్లో, ప్రేమకథలు బతికున్నాయంటే అది ఇలాంటి 'వద్దు'ల పుణ్యమే. ఎదుటి పాత్రకు సొంత ఇష్టం, సొంత కోపం, లేచి వెళ్లిపోయే దారి ఉన్నంతవరకే అది ప్రేమకథ. అభిమానులు సొంతంగా రాసి ఆటకు కలిపే మాడ్లలో కొన్ని అసలు కథను మించిపోవడానికీ, చాలావరకు నాసిరకంగా మిగిలిపోవడానికీ కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది.

ముందు మన దగ్గరి సంగతి చెప్పుకోవాలి. నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, పాలమూరులోనైనా గేమింగ్ అంటే ఫోనే. తుపాకులాట, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అటువైపు నలుగురు దోస్తుల అరుపులు. ఆర్‌పీజీ అలా కాదు, ఒక్కరే కూర్చుని లావుపాటి నవల చదివినట్టు ఆడాలి. పైగా 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ జాగా కావాలి. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద బతికే హాస్టల్ పిల్లాడికి అది రెండున్నర నెలల డేటా. అందుకే ఇంజినీరింగ్ హాస్టళ్లలో పాత ఆటలు పెన్‌డ్రైవుల మీద ఇంకా తిరుగుతుంటాయి. కొన్నది ఎవరని మాత్రం అడగొద్దు. అక్క వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయవి.

ఆ పాత ఆటను విప్పి చూస్తే లోపల ప్రేమ అనేది ఒక వేరియబుల్, అంటే ఒక అంకె దాచుకునే గడి. అందులో 1 ఉంటే కథ నడుస్తోందని అర్థం, 2 అయితే గట్టిపడిందని, 3 అయితే చెడిపోయిందని. పక్కన ఒక టైమర్ ఉంటుంది, ఇంతసేపు గడిచాక తర్వాతి మాట కదలాలని. యంత్రం అంతే. కానీ ఆ టైమర్ నడక మధ్యలో మోగి, మన జట్టులోని జహైరా ఆగి, చచ్చిపోయిన భర్త గురించి ఒక ముక్క మాట్లాడితే అంకెలు గుర్తుకు రావు. ఆమె భర్త ఖలీద్ శవం ఆట మొదలయ్యే చెరసాలలోనే కనబడుతుంది. జహైరాతో ప్రేమంటే ఆ దుఃఖం పక్కన ఆట పొడవునా నడవడం. మధ్యలో ఆమె కసురుకుంటుంది, తనమీద తనే అనుమానపడుతుంది. మన దగ్గర మొగుడు పోయిన ఆడమనిషి ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడితే వాడకట్టంతా ఏమనుకుంటుందో తెలిసినవాళ్లకు ఆ కసురు వేరేగా వినబడుతుంది.

ఆ ఆటలో లోటు కూడా పెద్దదే. మగ పాత్రతో ఆడేవాళ్లకు ఏరీ, జహైరా, వికోనియా అని ముగ్గురు. ఆడ పాత్రతో ఆడేవాళ్లకు ఒకే ఒక్కడు, అనోమెన్. వాడేమో ఎప్పుడూ సొంత డబ్బా. ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో ప్రేమించుకోవడానికి అసలు చోటే లేదు. మాడ్లకు తలుపు తెరిచింది ఈ లోటే. ఆటలో భూగర్భ నగరంలో సోలాఫీన్ అనే సైనికాధికారి కాసేపు కనబడి పోతాడు. అతన్ని చంపి రమ్మని పై నుంచి ఆజ్ఞ వస్తుంది, ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు. ఆ కాసేపు పాత్రను పట్టుకుని ఒక అభిమాని సంభాషణలన్నీ కొత్తగా రాసి, జట్టులోకి తెచ్చి, ఆడ పాత్రలకు ప్రియుడిగా నిలబెట్టాడు. మాడ్లు తయారుచేసి ఆటకు ఎక్కించే వైడూ అనే ఉచిత పనిముట్టు కూడా అభిమానుల్లోంచే పుట్టింది. అంతకుముందు ఒకరి మాడ్ ఎక్కిస్తే ఇంకొకరిది చెరిగిపోయేది. వైడూ వచ్చాక ఒకదాని మీద ఒకటి కలుపుకుంటూ పోవచ్చు. ఆ ఆట తయారీలో ఉన్న రచయిత డేవిడ్ గైడర్ కూడా 2001లో వచ్చిన కొనసాగింపు భాగం ముగింపు తృప్తినివ్వక, దాన్ని మార్చి అసెన్షన్ పేరుతో అనధికార మాడ్ విడుదల చేశాడు. జీతానికి రాసినదాన్ని ఊరికే కూర్చుని మళ్లీ రాసే మనిషిని ఇంకే పరిశ్రమలో చూస్తాం?

అన్ని మాడ్లూ మనకు మింగుడుపడవు. ఇమోయెన్ సంగతే తీసుకోండి. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన స్నేహితురాలు, రెండో ఆటలో తనూ నాయకుడూ (అంటే మనం ఆడే పాత్ర) ఒకే తండ్రి బిడ్డలని బయటపడుతుంది. అయినా ఆమెతో ప్రేమకథ కావాలని కొందరు మాడ్ రాసుకున్నారు. ఆ తండ్రి మనిషి కాదు, చచ్చిపోయిన దేవుడు కాబట్టి రక్తసంబంధం వర్తించదని వాళ్ల వాదన. ఈ లాజిక్ పాలమూరు పల్లెలో చెప్తే చెంప పగులుతుంది. మనకు ఎవరు ఎదురైనా ముందు వరస చూసుకోవడం అలవాటు. బావ అయితే ఒక మాట, అన్న అయితే ఇంకో మాట. మేనరికం మనకు తప్పు కాదు, మేనమామను చేసుకున్నవాళ్లూ మన ఇళ్లలోనే ఉన్నారు. అదే ఆ దేశాల ఆటగాడికి చెప్తే నోరు వెళ్లబెడతాడు. ఏది కూడని ప్రేమ అన్నది రాసేవాడు పెరిగిన ఊరిని బట్టి ఉంటుంది. మాడ్లు ఆ ఊరిని దాచలేవు.

2011లో వచ్చిన స్కైరిమ్‌లో పెళ్లి మరీ సులువు. మారా దేవత తాయెత్తు మెడలో వేసుకుని, ఎదుటి మనిషికి చిన్న సాయం చేసిపెడితే చాలు, రిఫ్టెన్ ఊరి గుళ్లో పెళ్లి అయిపోతుంది. ఆడామగా తేడా కూడా లేదు. మరుసటి రోజు నుంచి ఆ మనిషి వంట చేసిపెట్టి, దుకాణం నడిపి, వచ్చిన లాభంలో వాటా ఇస్తుంది. ప్రేమ తప్ప అన్నీ ఉన్న సంసారం. అందరూ సరే అనే ఆ ఆటలోకి 2012లో సెరానా వచ్చింది. రక్తపిశాచుల ఇంటి బిడ్డ. తండ్రి, తల్లి ఇద్దరూ తమ పంతాలకు ఆమెను వాడుకున్నారు. ఆ పిశాచి శక్తి సంపాదించడానికి ఆమె పడ్డ నరకం గురించి రెండు మాటల్లోనే చెప్పి ఊరుకుంటుంది. అందరికంటే ఎక్కువ మాట్లాడేది, ఎక్కువ దగ్గరయ్యేది ఆమే. పెళ్లి మాట ఎత్తితే మాత్రం వద్దంటుంది.

మిర్యాలగూడ కుర్రాడొకడు మా ఇంటికొచ్చి దీని మీదే గోల పెట్టాడు. "ఏందన్నా, గంతసేపు ఎంబడి తిరిగి, గంత మంచిగ మాట్లాడి, పెండ్లి మాట తీస్తే గుడంటే పడదంటది?" వాడికి మరో గంటలో మందు దొరికింది. సెరానాతో పెళ్లి కుదిర్చే మాడ్ దింపుకున్నాడు. పెళ్లయింది. తర్వాత వారం తిరక్కుండా ఆ ఆటే పక్కన పెట్టేశాడు. ఎందుకురా అంటే "బోర్ కొట్టింది" అన్నాడు. మాడ్ చేసింది తాళం తీయడం ఒక్కటే, తలుపు అవతల రాసిన గది ఏదీ లేదు. సెరానా వద్దనడానికి ఉన్న కారణాలన్నీ అలాగే ఉన్నాయి, జవాబు ఒక్కటి మారిపోయింది.

దీనికి ఎదురుగా, అదే సెరానాకు కొత్త సంభాషణలు రాసి, వేరే నటి గొంతుతో రికార్డు చేయించి కలిపిన మాడ్ కూడా ఉంది. అందులో ఆమెకు అభిప్రాయాలు పెరిగాయి. మనం చేసిన పని నచ్చకపోతే చెప్తుంది. నా దృష్టిలో రాత అంటే ఇదీ.

బాల్డర్స్ గేట్ 3లో ఈ సూత్రాన్ని అసలు తయారీదార్లే పట్టుకున్నారు. మన జట్టులోని ఆస్టారియన్ రెండు వందల ఏళ్లు యజమాని కింద బానిసగా బతికిన పిశాచి. అందం వల వేసి మనుషుల్ని పట్టుకురావడమే అతని పని. రెండో అంకంలో ఒక మందుల వ్యాపారి అతనితో తన మెడ కొరికించుకోవాలని అడుగుతుంది, బదులుగా మనకు శాశ్వతంగా బలం పెరిగే మందు ఇస్తానంటుంది. ఆస్టారియన్‌కు ఇష్టం లేదు. ఆటగాడి బుర్రలో మాత్రం లెక్కలు నడుస్తుంటాయి: ఊరికే ఒక్క కాటు, లాభమేమో ఆట చివరిదాకా. ఒత్తిడి పెడితే మందు దొరుకుతుంది, మనిషి దూరమవుతాడు. "నీకిష్టం లేకపోతే వద్దు" అని వెనకేసుకొస్తే, తర్వాత అతను నోరు విప్పి, మొదట్లో తను మనతో చేసిందీ వల వేయడమేనని ఒప్పుకుంటాడు. ఆటగాడి దురాశను, ప్రేమను ఒకే తక్కెడలో పెట్టిన ఈ సన్నివేశం రాసినవాళ్లకు దండం పెట్టాలి.

ఆ ఆటకు కూడా అందరితో ఒకేసారి ప్రేమ నడిపే మాడ్లు, ఎవరి మెప్పయినా క్షణంలో నింపేసే మాడ్లు వచ్చాయి. 2024 సెప్టెంబరు నుంచి మాడ్లకు కంపెనీయే దారి ఇచ్చింది. వీటి మీద నాకు నైతిక అభ్యంతరాలేం లేవు, కొనుక్కున్నవాళ్ల ఆట వాళ్లిష్టం. అలా ఆడితే ఆస్టారియన్ పిశాచి వేషం వేసిన బొమ్మ అవుతాడని మాత్రమే అంటున్నాను. ఆ మాటకొస్తే అసలు తయారీదార్లూ తక్కువ తినలేదు. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో కానుకలిస్తూ పోతే మెప్పు పాయింట్లు పెరుగుతాయి. తిట్టి, ఒక నగ ఇచ్చి, మళ్లీ తిట్టి, ఇంకో నగ ఇచ్చి సంసారం చేయొచ్చు. అది ప్రేమ కాదు, పెట్టుపోతల వ్యవహారం.

ఇదంతా పడమటి పిల్లల పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లకు ఒక్క మాట. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. అభిమన్యుడికి ఇంకాస్త కథ, ఒక ప్రేమ కావాలనిపించి జనం కల్పించుకున్నారు. చెంచులక్ష్మి ఇంకా దగ్గరి ఉదాహరణ. పురాణంలో నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చాక ప్రహ్లాదుడి స్తోత్రంతో శాంతిస్తాడు. నల్లమల జనానికి అది సరిపోలేదు. ఆ ఉగ్రరూపాన్ని అడవిలోకి తెచ్చి, ఒక చెంచు పిల్లను ఎదురు నిలబెట్టి, దేవుణ్ని తమ ఇంటి అల్లుణ్ని చేసుకున్నారు. జానపదుల ఆటపాటల్లో ఆ పిల్ల దేవుడనగానే కాళ్ల మీద పడదు. చెట్టెక్కడం వచ్చా, తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా అని నిలదీస్తుంది. వైకుంఠం హోదా అక్కడ చెల్లదు, అడవి పని వచ్చి తీరాలి. తర్వాత పెద్దావిడ ఆదిలక్ష్మి అలక, సవతుల మాటామాటా వేరే రసం. అమ్రాబాద్ వైపు చెంచుపెంటల్లో ఎవరూ మాడ్ అన్న మాట వాడకపోవచ్చు. చేసిన పని మాత్రం అదే, అదీ మంచి రకం: కొత్త పాత్రకు కాదనే నోరు ఇచ్చారు.

తేడా గొంతు దగ్గర వస్తుంది. భాగవతం ఆడేవాళ్లు సొంత గొంతుతో పాడారు. కొత్త ఆటల్లో ప్రతి మాటా నటుల గొంతు. మాడ్ రాసేవాడికి ఆ నటులు దొరకరు, అందుకే 2023లో కొందరు ఏఐతో వాళ్ల గొంతులు తయారుచేసి, వాళ్లు ఎన్నడూ అనని బూతు మాటలు స్కైరిమ్ మాడ్లలో పలికించారు. నటులు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. పాత్రకు కాదనే హక్కు కావాలని ఇంతసేపు వాదించాక, ఆ గొంతు సొంతదారైన మనిషికి ఆ హక్కు లేదంటే ఎలా? ఈ ఒక్క విషయంలో నాకు ఊగిసలాట లేదు. అభిమానం ఎంతదైనా అది దొంగతనమే. డబ్బు సంగతి ఇంకో రగడ. 2015 ఏప్రిల్‌లో ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మాడ్లకు రేటు పెట్టి, రాసినవాళ్లకు 25 శాతం ఇస్తామన్నారు. జనం తిరగబడితే కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఇవాళ్టికీ ఎక్కువ మాడ్లు ఉచితమే.

మరి తెలుగు? బాల్డర్స్ గేట్ 3 పదికి పైగా భాషల్లో ఉంది, ఉక్రేనియన్ నుంచి కొరియన్ దాకా. భారతీయ భాష ఒక్కటీ లేదు. కంపెనీలు మనకోసం లక్షల మాటలు తర్జుమా చేయిస్తాయని ఎదురుచూడటం దండగ. మాడ్ దారి అయితే తెరిచే ఉంది. వైడూలో సంభాషణలను విడి ఫైళ్లలో మామూలు అక్షరాల్లో రాస్తారు. కోడింగ్ పెద్దగా రాకపోయినా, మనుషులు ఎలా మాట్లాడుకుంటారో తెలిసిన పిల్ల పది రోజులు కూర్చుంటే ఒక తోడు పాత్రకు మొదటి పది సంభాషణలు రాయొచ్చు. దేవరకొండ వైపు నుంచి వలస పోయిన ఒక మంత్రగత్తెను ఊహించండి. బొంబాయీ ముంబాయీ ఒకటేనని తెలియని నాయకుణ్ని వెక్కిరిస్తూ, బాకీలన్నీ నోటిలెక్కన గుర్తుంచుకుంటూ, "నీ ఎంబడి వస్త గని, నీ సొంతమైతనని అనుకోకు" అనే మనిషి. ఆమె ఎవరిని ఏ వరసన పిలుస్తుందో చూస్తేనే సగం కథ అయిపోతుంది.

అడ్డం ఒకటి ఉంది. పాత ఆటలో అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో బొమ్మగా దాచి ఉంటాయి. పక్కపక్కన పేర్చడమే దానికి తెలుసు, ఒత్తులూ గుణింతాలూ కలపడం రాదు. దాన్ని సరిచేసేదాకా మన కుర్రాళ్లు వాట్సాప్‌లో రాసుకున్నట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి కానిచ్చేయాలని నేనంటాను. తెలుగు మాస్టార్లకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ మంత్రగత్తె ముందు నోరు విప్పనీయండి, లిపి గురించి తర్వాత తీరిగ్గా కొట్లాడుకుందాం.