చేను లెక్కకెక్కింది, కూలీ ఎక్కలేదు

సంక్రాంతి దాటిందంటే ములుగు జిల్లా గోదావరి తీర గ్రామాల్లో మిరప చేల పక్కన టార్పాలిన్ గుడిసెలు వెలుస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి వంట గిన్నెలు, చంటిపిల్లలతో సహా తరలివచ్చే ఆదివాసీ కుటుంబాలకు ఏరుడు ముగిసే దాకా అవే ఇళ్లు. మానుకోట (మహబూబాబాద్) తండాల నుంచి ట్రాలీ ఆటోల్లో ఖమ్మం వైపు వెళ్లే ముఠాల బతుకూ ఇంతకంటే మెరుగేమీ కాదు. వరి కోత హార్వెస్టర్ల పాలైంది, కలుపుతీత మందుల పాలైంది; మిర్చి ఏరడానికి మాత్రం ఇంకా మనిషి చెయ్యే కావాలి.

ఆ ఒక్క పనీ ఇప్పుడు నమ్మకంగా లేదు. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు రైతు గోడు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లోనైనా వినిపించింది. రైతు సాగు తగ్గించుకుంటే పని పోయే కూలీకి ఆ సంగతి చెప్పేవారే లేరు. మేస్త్రీ ఫోను ఎత్తకపోవడమే అతనికి అందే కబురు.

ఇక ప్రభుత్వ సాయం. 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమిలేని కూలీ కుటుంబానికి ఏటా రూ.12 వేలు ఇస్తామన్నారు. అయితే 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పనికి వెళ్లి ఉండాలని షరతు పెట్టారు. ఊళ్లో ఉపాధి పనులు జోరందుకునే వేసవి మొదట్లోనే మిర్చి ఏరుడూ సాగుతుంది. తండా విడిచి పోయిన కూలీ ఊరి మస్టర్‌లో, అంటే ఉపాధి పనుల హాజరు పట్టీలో, ఎలా కనిపిస్తాడు? పని దొరక్క వలస పోయినవాణ్ని, పనికి రాలేదన్న లెక్కతో పక్కన పెట్టడం మాకు అన్యాయంగానే తోస్తోంది.

పొరుగు రాష్ట్రపు కూలీకి ఈ పథకం ఎలాగూ వర్తించదు. ములుగు జిల్లా మిరప చేలలో పనికి వచ్చిన 12 ఏళ్ల బాలిక 2020 లాక్‌డౌన్‌లో కాలినడకన బీజాపూర్ జిల్లాకు బయలుదేరి, ఇల్లు చేరకముందే కన్నుమూసింది. బడి వయసు పిల్ల కాయలు ఏరుతోందన్న సంగతి ఆమె చనిపోయాకే అందరికీ పట్టింది.

ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల మిరప వేశారో వ్యవసాయ శాఖ పంటల నమోదులో రాసుకుంటూనే ఉంది. కాబట్టి జనవరిలో ఎందరికి పని ఉంటుందో నెలల ముందే అంచనా కట్టవచ్చు. సాగు తగ్గిన ఏడాది ఆ అంచనాను తండాలకు, సరిహద్దు అవతలి జిల్లాలకు చేరవేసి, బయలుదేరకముందే ఊళ్లో ఉపాధి పనులు తెరిపించాలి. పని ఉన్న చోట పంచాయతీ కార్యదర్శి గుడిసెల వారీగా పేర్లు రాసుకోవాలి, మన తండాల కూలీలకైతే ఆ రోజులను ఆత్మీయ భరోసాకు మస్టర్ రోజులుగా లెక్కించాలి. వచ్చే ఏరుడులోగా ఇది మొదలుకావాలి.